బావంచాలు, ఎండ, బొల్లి

బొల్లి వచ్చిన మనిషికి ముందు ఒంటినిండా నూనె పట్టించాలి. కాకిమేడి రసంలో బెల్లం కలిపి తాగించాలి. తాగినాక ఓపిక ఉన్నంతసేపు ఎండలో ఉంచాలి. విరేచనాలవుతాయి, మూడు రోజులపాటు దాహమైతే జావ పట్టాలి. మచ్చల మీద బొబ్బలు లేస్తే ముల్లుతో పొడిచి నీరు తీసేయాలి. చరకసంహిత చికిత్సాస్థానం ఏడో అధ్యాయంలో ఉన్న పద్ధతి ఇది. ఇప్పటి చర్మవైద్యుడు ఇది చదివితే నూనె దగ్గర, బెల్లం దగ్గర పెద్దగా ఆగడు. ఎండ దగ్గర ఆగుతాడు. బొబ్బల దగ్గర ఇంకాసేపు ఆగుతాడు. ఎందుకంటే మేడి, అంజీర వంటి చెట్ల పాలు తగిలిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కడం ఆయన వైద్యశాలలో చూసేదే.

ఎండకు కోస్గిలో కొదవ లేదు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019లో కొత్తగా ఏర్పడ్డ నారాయణపేట జిల్లాలో చేరిన ఈ చిన్న పట్టణం చుట్టూ కంది, పత్తి, జొన్న పండే మెట్ట పొలాలు. వానలు మొహం చాటేసిన ఏడు జనం ముంబైకి, పుణెకు, హైదరాబాద్‌కు వలసపోయే పాలమూరు నేల. ఈ దక్కన్ మైదానాల్లోనే బీళ్లలోనూ గట్ల వెంటా ఎవరూ విత్తకుండా మొలిచే మొక్క బావంచి. పప్పుజాతిది. నడుమెత్తు పెరుగుతుంది. ఆకును వెలుతురుకు పెట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా గ్రంథులు కనబడతాయి. పూలు చిన్నవి, ఊదారంగువి. కాయకు ఒక్కటే గింజ. పైతొక్క దాన్ని వదలదు. నల్లగా, మూత్రపిండం ఆకారంలో ఉండే ఆ గింజను వేళ్ల మధ్య నలిపితే జిడ్డు అంటుతుంది, ఘాటు వాసన వస్తుంది. మూలికల దుకాణంలో బావంచాలు అని అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. ఉర్దూలో బాబ్చీ, సంస్కృతంలో బాకుచి. ఆయుర్వేదంలో బొల్లి వైద్యమంటే ముందుగా గుర్తుకొచ్చేది ఇదే.

ఈ గింజ పని చేస్తుందా? చేస్తుంది, కాని ఒక్కటే కాదు. ఎండ తోడుండాలి, మచ్చలో వెంట్రుక నల్లగా మిగిలుండాలి. ఈ రెండు షరతులూ పాత గ్రంథాల్లో ఉన్నాయి. ఇప్పుడు మందు అమ్మేవాళ్ల మాటల్లోనే తరచుగా కనబడవు.

ముందు రోగం సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారు చేస్తాయి. బొల్లిలో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఈ కణాలను పరాయివిగా ఎంచుకుంటుంది. టి-కణాలు వచ్చి వాటిని చంపుతాయి; ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం మరిన్ని టి-కణాలను అక్కడికి పిలుస్తుంది. రంగు పోయిన చోట చర్మం మిగతా అన్ని విధాలా మామూలే. స్పర్శ తెలుస్తుంది, చెమట పడుతుంది. ముట్టుకుంటే అంటదు, ఎంగిలి తింటే అంటదు, ఒకే మంచంలో పడుకుంటే అంటదు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. దాదాపు సగం మందిలో 20 ఏళ్లలోపే మొదలవుతుంది. కొందరికి థైరాయిడ్ జబ్బు కూడా తోడుంటుంది, అందుకే మచ్చల కోసం వెళ్తే డాక్టరు రక్తపరీక్ష రాస్తాడు. నల్లని, చామనఛాయ ఒంటి మీద ఈ తెలుపు దూరం నుంచే కనబడుతుంది కాబట్టి మన దగ్గర దీని బాధ చర్మం కంటే ఎక్కువగా పెళ్లిచూపుల్లో, బడిలో, బస్సులో పక్క సీటు దగ్గర తెలుస్తుంది.

ప్రతి తెల్లమచ్చా బొల్లి కాదు. వీపు మీద, మెడ మీద పొట్టు రాలే శోభి ఒక బూజు వల్ల వచ్చేది, పూతమందుకు పోతుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టుండే మచ్చలు ఎక్కువగా పొడిచర్మం వల్లే, వాటికి కడుపులో నులిపురుగులను తప్పుపడతారు. కుష్ఠు మచ్చ పాలలాగా తెల్లబడదు, రంగు తగ్గుతుందంతే. దాని మీద దూది ఆనించినా సూది ఆనించినా తెలియదు. ఈ చివరి తేడా ప్రాణప్రదమైనది. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. దాన్ని బొల్లి అనుకుని బావంచాలు రాసుకుంటూ కూర్చుంటే నరాలు పోతాయి. అనుమానం తీరకపోతే చర్మవైద్యుడు చీకటిగదిలో వుడ్స్ దీపం వేసి చూస్తాడు. ఆ వెలుగులో బొల్లి మచ్చ నీలి తెలుపుగా మెరిసి, మామూలు కంటికి ఆనని అంచులు కూడా బయటపడతాయి.

బొల్లిలాగే కనబడేది ఇంకొకటుంది. కనుబొమల నడుమ గుండ్రంగా తెల్లమచ్చ వస్తే ముందు స్టిక్కర్ బొట్టును అనుమానించాలి. కొన్ని బొట్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ రంగుకణాలను చంపుతుంది. కొన్ని రబ్బరు చెప్పుల పట్టీలతోనూ ఇలాగే జరుగుతుంది. బొట్టు మానేస్తే కొందరికి రంగు తిరిగొస్తుంది. ఇక అసలు బొల్లి ఉన్నవాళ్లలో రాపిడి పడే చోట కొత్త మచ్చలు లేస్తాయి. మొలతాడు కింద, లంగా నాడా బిగించే చోట, చెప్పు పట్టీ ఒరిసే చోట. నాడా వదులు చేసుకోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

పాత గ్రంథాల దగ్గరికి మళ్లీ వద్దాం. అథర్వవేదం మొదటి కాండలో 23, 24 సూక్తాలు ఈ తెలుపు పోవాలని మొక్కలను వేడుకునేవే. చరకుడు, సుశ్రుతుడు దీన్ని శ్విత్రం, కిలాసం అన్నారు. కుష్ఠు అధ్యాయంలోనే చేర్చారు గాని, ఇది చర్మానికే పరిమితమని, స్రవించదని సుశ్రుతుడు విడదీసి చెప్పాడు. పేరు కలవడం వల్ల వచ్చిన నష్టం మాత్రం ఇప్పటిదాకా నడుస్తోంది. శ్వేతకుష్ఠు అనే మాట విన్న పెళ్లివారు సుశ్రుతుడిని అడిగి తెలుసుకోరు.

కారణాలు చెప్పేచోట చరకుడి జాబితా ఇంకా కటువుగా ఉంటుంది. అబద్ధాలాడటం, చేసిన మేలు మరవడం, దేవతలను నిందించడం, గురువులను అవమానించడం, పూర్వజన్మ కర్మ, ఆఖర్న విరుద్ధాహారం. ఎనిమిదేళ్ల పిల్ల మోకాలి మీద మచ్చ చూసి ఏ జన్మలో ఏం చేసిందోనని నిట్టూర్చే పెద్దవాళ్ల మాటకు మూలం ఇక్కడుంది. ఈ ఒక్క శ్లోకం పక్కన పెట్టేస్తే ఆ అధ్యాయం విలువ తగ్గదు, పెరుగుతుంది.

ఎందుకంటే ఏ మచ్చ మానుతుంది, ఏది మానదు అని చెప్పేచోట ఆ వైద్యుల చూపు నిశితం. మచ్చలోని వెంట్రుకలు తెల్లబడకుండా ఉంటే, మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోకుంటే, కొత్తదైతే, కాలిన గాయం వల్ల వచ్చింది కాకుంటే నయమవుతుందని అష్టాంగహృదయంలో వాగ్భటుడు రాశాడు. గుహ్యస్థానాల్లో, అరచేతుల్లో, పెదవుల మీద వచ్చినది కొత్తదైనా ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఈ వరుసను ఇవాళ ఏ చర్మవైద్య కళాశాల తరగతి గదిలో చదివినా ఎవరూ దిద్దరు. దిద్దకపోవడానికి కారణం వెంట్రుక కుదురులో ఉంది. చర్మం పైపొరలో మెలనోసైట్లు చచ్చినా వెంట్రుక కుదురులో వాటి మూలకణాలు కొన్ని దాక్కుని మిగులుతాయి. వైద్యం పని చేస్తే అవి లేచి, కుదురు వెంబడి పైకి పాకి, చుట్టూ పరుచుకుంటాయి. అందుకే రంగు తిరిగిరావడం మచ్చ అంచు నుంచే కాదు, నడిమధ్య నుంచి కూడా, ఒక్కో వెంట్రుక చుట్టూ నువ్వుగింజంత గోధుమరంగు చుక్కగా మొదలవుతుంది. చుక్కలు పెరిగి ఒకదాన్నొకటి అందుకుంటాయి. వెంట్రుక తెల్లబడిందంటే ఆ దాపు ఖాళీ అయినట్టు. అరచేతిలో, పెదవి మీద అసలు వెంట్రుకే లేదు. మూలకణాల సంగతి తెలియని వైద్యుడు, కంటితో చూసి, ఏళ్ల తరబడి రోగులను గమనించి ఈ నిర్ణయానికి రావడం మామూలు పని కాదు.

గింజలో ఏముందో కనిపెట్టడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సొచ్చింది. 1927లో కలకత్తాలో ఆర్.ఎన్. చోప్రా, ఎన్.ఆర్. ఛటర్జీ బావంచాల మీద రసాయన, ఔషధ పరిశీలన ప్రచురించారు. 1933లో జోయిస్, మంజునాథ్ బృందం ఈ గింజల నుంచి సొరాలెన్‌ను వేరు చేసింది. మొక్క శాస్త్రీయనామం సొరాలియా కోరిలిఫోలియా. ఆ పేరే పదార్థానికీ వచ్చింది. అదే దశాబ్దంలో అంజీర ఆకుల నుంచి తీసి ఫికుసిన్ అని పేరుపెట్టిన పదార్థం కూడా చివరికి సొరాలెనే అని తేలింది. కాకిమేడి, బావంచి ఒకే రోగానికి ఒకే అధ్యాయంలో కనబడటం వెనక ఇలాంటి చుట్టరికమే ఉండొచ్చు.

అటు ఈజిప్టులో నైలునది ఒడ్డున పెరిగే అమ్మీ మజుస్ అనే మొక్క గింజలు తిని ఎండలో కూర్చునే వైద్యాన్ని 13వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ బైతార్ రాశాడు. 1940ల చివర్లో కైరోలో అబ్దుల్ మోనిమ్ ఎల్ మొఫ్తీ ఆ గింజల్లోంచి తీసిన 8-మెథాక్సీ సొరాలెన్‌ను బొల్లి రోగులకిచ్చి ఎండలో కూర్చోబెట్టాడు. 1974లో అమెరికా వైద్యులు ఎండకు బదులు అతినీలలోహిత కిరణాల్లోని ఎ తరగతిని వెదజల్లే దీపాలు పెట్టి సోరియాసిస్‌కు వాడి, దానికి పువా అని పేరు పెట్టారు. ఆ పేరును ఇంగ్లిష్‌లో రాస్తే మొదట వచ్చే ‘పి’ సొరాలెన్‌దే. అంటే పాలమూరు గట్టు మీద కలుపుమొక్క పేరు ప్రపంచంలోని చర్మవైద్యశాలలన్నిటికీ పాకింది.

సొరాలెన్ ఏం చేస్తుంది? చీకట్లో ఏమంత చేయదు. కణంలోని డీఎన్ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. అతినీలలోహిత కాంతి పడగానే ఆ మెట్లకు అంటుకుపోతుంది, కొన్నిచోట్ల రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. మచ్చలో దాడి చేస్తున్న టి-కణాలు అణుగుతాయి, కుదురులోని రంగుకణాలకు లేవమని సంకేతాలు అందుతాయి. మోతాదు మించితే మామూలు కణాలు కూడా కాలతాయి. ఇక్కడే కోస్గి ఎండ గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. మామూలు ఎండదెబ్బ ఆ సాయంత్రానికే తెలుస్తుంది. సొరాలెన్‌తో కలిసిన ఎండదెబ్బ రెండు మూడు రోజులకు గాని పూర్తిగా బయటపడదు. సోమవారం బావంచాల పూత రాసుకుని పది నిమిషాలు ఎండలో కూర్చుని, ఏమీ కాలేదు కదా అని మంగళవారం అరగంట కూర్చున్నవాళ్లు బుధ, గురువారాల్లో బొబ్బలతో ఆసుపత్రికి చేరతారు. అందుకే ఈ పద్ధతిలో వైద్యం చేసే డాక్టర్లు రోజు విడిచి రోజు, కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచమంటారు, కళ్లకు తగిన అద్దాలు పెట్టుకోమంటారు. పత్తిచేనులో పొద్దంతా వంగి పనిచేసే ఆడమనిషికి నిమిషాల లెక్క పాటించడం కుదరదు. ముందు రోజు రాసుకున్న పూత చేలోకి కూడా ఆమెతోనే వెళ్తుంది. సరైన నియమం ఆమెకు రాసిచ్చేవాళ్లు ఆమె పనివేళలు కూడా అడగాలి.

ఆయుర్వేద వైద్యులు గింజను నేరుగా ఇవ్వరు. గోమూత్రంలో వారం రోజులు, రోజూ మార్చుతూ నానబెట్టి, కడిగి ఎండబెట్టి శుద్ధి చేస్తారు. చండ్రచెక్క, ఉసిరిక కషాయంలో ఈ చూర్ణం వేసి తాగించడం ప్రసిద్ధమైన పద్ధతి. మంచి వైద్యుడు ముందు జీర్ణం, మలబద్ధకం, నిద్ర అడుగుతాడు, చరకుడు చెప్పిన విరేచనం కొందరికే ఇస్తాడు. ఇక్కడిదాకా ఓర్చుకోవచ్చు. అవల్గుజాది లేపంలో మాత్రం బావంచాలతో పాటు నాలుగోవంతు హరితాళం కలుస్తుంది. హరితాళమంటే ఆర్సెనిక్ ఖనిజం. శశిలేఖా వటిలో పాదరసం, గంధకం, తామ్రం ఉంటాయి. 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14టిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. బావంచాలు కాలేయానికి కూడా కొందరిలో పడవు. 2009లో జర్మనీ వైద్యులు ప్రచురించిన ఒక రోగి కథలో బొల్లి కోసం బాకుచి ఉన్న మూలికా మందులు వాడిన మహిళకు కాలేయం తీవ్రంగా వాచింది. మందులు ఆపాక కోలుకుంది. కడుపులోకి తీసుకునేవాళ్లు కాలేయ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ చిన్నపిల్లలూ ముట్టకూడదు.

హైదరాబాద్‌లో ఈ గింజకు పెద్ద చిరునామా ఎర్రగడ్డ. పాలమూరు బిడ్డ, 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు పేరున ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల అక్కడే ఉంది. ఆ దాపులోనే కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థ ఉంది. చర్మవ్యాధులకే ప్రత్యేకించిన ఆ సంస్థకు ముఖ్యంగా బొల్లి వల్లే పేరొచ్చింది. యునానీలో ఈ జబ్బు బర్స్, మందుల్లో బాబ్చీ తప్పనిసరి. అక్కడ దశాబ్దాలు పనిచేసి బొల్లి వైద్యంలో పేరు తెచ్చుకున్న మహమ్మద్ అబ్దుల్ వహీద్‌కు 2017లో పద్మశ్రీ వచ్చింది.  గ్రీకు, అరబ్బు దారిన వచ్చిన హకీమూ, సంస్కృతం దారిన వచ్చిన వైద్యుడూ ఒకే గింజ దగ్గర కలవడం హైదరాబాద్‌కు తగిన సంగతే.

పథ్యం గురించి రెండు మాటలు. చేపలూ పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందని చెప్పేది విరుద్ధాహార సిద్ధాంతం. చింతపండు, నిమ్మ, పెరుగు మానేయమని చాలామంది చెబుతారు. ఇవి తింటే మచ్చ పెరుగుతుందని, మానితే తగ్గుతుందని నిరూపణ లేదు. రొట్టె, పచ్చిపులుసు, వారానికో గుడ్డు తినే ఇంట్లో పులుపు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? మచ్చ అలాగే ఉండి మనిషి చిక్కిపోతాడు.

గోడల మీద రాతలకు వస్తే, బొల్లికి గ్యారంటీ వైద్యమని ప్రకటించడం నేరం. 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం జాబితాలో ల్యూకోడెర్మా, అంటే బొల్లి, పేరు స్పష్టంగా ఉంది. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. అయినా బస్టాండ్ల గోడల మీద ఫోన్ నంబర్లు చెరగవు. ఈ ప్రకటనలు బతికేది ఒక నిజం ఆసరాతో: బొల్లి రోగుల్లో కొందరికి, ఏ మందూ లేకుండానే, కొన్ని మచ్చల్లో రంగు దానంతటదే తిరిగొస్తుంది. ఆ ఘనత అప్పుడు వాడుతున్న పొట్లానికి పోతుంది.

ఇప్పుడు పువా కూడా వెనకబడింది. 1997లో నెదర్లాండ్స్ వైద్యులు 311 నానోమీటర్ల దగ్గరి సన్నని కిరణపట్టీని, న్యారోబ్యాండ్ యూవీబీని, బొల్లికి వాడి మంచి ఫలితాలు చూపారు. దీనికి సొరాలెన్ అక్కర్లేదు, పిల్లలకూ వాడొచ్చు. పువాను ఏళ్ల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కాబట్టి ఇదే ఇప్పుడు ముందువరస. 2022 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రుక్సోలిటినిబ్ పూతను బొల్లి ఉన్న 12 ఏళ్లు నిండినవారికి అనుమతించింది. ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతాన్ని మధ్యలోనే అడ్డుకునే మందు అది, ధర ఎక్కువ. ఏడాదిగా కదలకుండా ఉన్న మచ్చకు, పక్క చర్మం నుంచి రంగుకణాలు తీసి నాటే శస్త్రచికిత్స కూడా ఉంది. వేళ్ల కొసలు దానికి కూడా అంత తేలిగ్గా లొంగవు.

కోస్గి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు దాటుతుంది. న్యారోబ్యాండ్ దీపం వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. మొదటి నువ్వుగింజ చుక్క కనబడటానికే రెండు మూడు నెలలు పడుతుంది. ముఖం, మెడ త్వరగా, కాళ్లు ఆలస్యంగా తేరుకుంటాయి. ప్రతిసారీ బస్సు కిరాయి, ఒక రోజు కూలి. మహబూబ్‌నగర్‌లో 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక దారి కొంత దగ్గరైంది. ఇంట్లో పెట్టుకునే చిన్న దీపాలు కూడా దొరుకుతున్నాయి గాని అందరికీ అందే ధరలో లేవు. అందుకని మందు రాసుకుని లెక్కగా ఎండలో కూర్చోబెట్టే పద్ధతిని మన చర్మవైద్యులు ఇంకా వదల్లేదు. ఆయుర్వేదం వైపు వెళ్లాలనుకునే రోగి కూడా ముందు చర్మవైద్యుడి దగ్గర కుష్ఠు కాదని, థైరాయిడ్ బాగుందని తేల్చుకుని, తర్వాత పట్టా ఉన్న వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఇచ్చే మందులో లోహభస్మాలున్నాయా అని అడిగి, ఎండ ఎన్ని నిమిషాలో చీటీ మీద రాయించుకోవాలి. వాడటం మొదలుపెట్టే ముందు మచ్చ పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకుంటే, మూడు నెలల తర్వాత అదే వెలుతురులో ఇంకొకటి తీసి పక్కన పెట్టి చూసుకోవచ్చు.